కుడి షిఫ్టు మీద మచ్చుకాయ

మా షాపుకీ సువర్ణరాజు మాస్టారి షాపుకీ మధ్య ఒకటే గోడ. నాది జిరాక్సు, కంప్యూటర్ సామాన్లు. ఆయనది కీబోర్డుల వైద్యం. నూజివీడు బస్టాండు దగ్గర పద్దెనిమిదేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం. పొద్దునా సాయంత్రం టీ కలిసే తాగుతాం. అయినా వ్యాపారం సంగతికొస్తే ఆయనంత శత్రువు నాకీ ఊళ్లో ఇంకొకరు లేరు. నేను కొత్త కీబోర్డు అట్టపెట్టె విప్పేలోపు ఆయన పాతదాన్ని బాగుచేసి చేతిలో పెట్టేస్తారు. నోటికాడి కూడు తీసెయ్యడమంటే ఇదే కదా.

ఆయనకి అరవై రెండేళ్లు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులూ ఒక చిన్న బ్రష్షూ. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాటలు పాడతారు, ఆ గొంతు సంగతి నేను చెప్పకూడదు. ఒకప్పుడు ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్ ఆయనదే. నా ఈడు వాళ్లలో ఉద్యోగం మీద ఆశున్న ప్రతివాడూ అక్కడ లోయరు పరీక్షకి కట్టినవాడే. నేనూ కట్టాను, రెండుసార్లు తప్పాను. "నీ వేళ్లకి తొందరెక్కువ మురళీ, నీ నోటికి ఇంకా ఎక్కువ" అని ఆయన అప్పుడే అన్నారు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మాస్టారి పని అయిపోయిందని ఊరంతా అనుకున్నాం. ఆయన మాత్రం "మిషన్ మారింది గానీ మీటలు అవే కదయ్యా" అని బోర్డు మార్చి రాయించుకున్నారు.

ఆయన పద్ధతి చూస్తే మొదట్లో నాకు ఒళ్లు మండేది. మీటలు పనిచెయ్యట్లేదని ఎవరైనా వస్తే నేనైతే వెంటనే తీగ పీకి ఇంకో పోర్టులో పెడతాను, తిరగేసి నాలుగు తడతాను, వైరస్ అంటాను, ఫార్మాట్ అంటాను. ఆయన కీబోర్డు ముట్టుకోరు. వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యి" అని పక్కన స్టూలేసుకుని వాడి చేతులు చూస్తారు. ఒక్కోసారి పది నిమిషాలు చూస్తారు. కాపురాలు చక్కబెట్టే పెద్దమనిషి కూడా అంత ఓపిగ్గా చూడడు.

ఒకసారి యూనివర్సిటీ పిల్లాడొకడు లాప్‌టాప్ పట్టుకుని ఏడుపుమొహంతో వచ్చాడు. యు కొడితే నాలుగు పడుతోంది, ఐ కొడితే ఐదు పడుతోంది, ప్రాజెక్టు ఇవ్వడానికి రెండు గంటలే టైముంది. నేనప్పటికే వాడికి కొత్తది చూపిస్తున్నాను. మాస్టారు వచ్చి నమ్‌లాక్ మీట ఒక్కటి నొక్కారు. వాడు ఆయన కాళ్లమీద పడ్డంత పని చేశాడు. ఇంకోసారి పాస్టరు గారి కంప్యూటర్లో ఇంగ్లీషు కొడితే తెలుగు, తెలుగు కొడితే ఇంగ్లీషు వస్తోందని కబురొచ్చింది. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే భాష మారుతుందని చూపించి వచ్చారు. ఇక ఎండాకాలం వచ్చిందంటే ఆయన ఎవర్నైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మామిడికాయ కోసిన చేత్తోనే కొట్టారా?" మా వైపు కీబోర్డుల్లో సగం సొన అంటుకుని బిగిసినవే. మీట పైటోపీ తీసి, బ్రష్షుతో తుడిచి, మళ్లీ నొక్కిపెడతారు. ఒక్క మీట నొక్కితే బాగయ్యే జబ్బుకి మాత్రం ఆయన ఎవరి దగ్గరా టీ తప్ప ఏమీ పుచ్చుకోరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడాది మామిడి సీజన్లో జరిగినదాంట్లో నా తప్పు కూడా ఉంది. ఆయన గురించి చెప్పాలంటే నా గురించీ చెప్పక తప్పదు.

రెడ్డిగూడెం రోడ్డు మామిడి యార్డులో పాండురంగారావు గారి కమీషన్ కొట్టుంది. తోటల్నుంచి కాయ అక్కడికొస్తుంది, కాటా వేస్తారు, చీటీ రాస్తారు, వేలంపాటలో అమ్ముతారు. ముప్పై ఏళ్లుగా చీటీలు రాసిన గుమస్తా లక్ష్మీనరసింహారావు గారు మోకాళ్ల నొప్పులని ఈ ఏడు మానుకున్నారు. ఆయన స్థానంలో శ్రావణి అనే అమ్మాయిని పెట్టారు. డిగ్రీ చదివింది. వాళ్ల నాన్న సాంబయ్య తోటల్లో చిక్కం కర్రతో కాయ కోసే మనిషి, కోసిన కాయతో పాటు లారీ మీద ఈ కొట్టుకే వస్తాడు. కూతురు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పని చెయ్యడం వాళ్లింట్లో అదే మొదలు. ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతుంటే చూడాలి, చినుకులు పడ్డట్టు ఉంటుంది. లారీల వాళ్లు చీటీ కోసం ఎదురుచూడాల్సిన పనే లేకుండా పోయింది.

నాలుగో రోజో ఐదో రోజో, కీబోర్డు చచ్చిపోయింది. ఏ మీట కొట్టినా అక్షరం పడదు. నన్ను పిలిచారు. నేను కొత్తది అమ్మాను. గంట బాగానే ఉంది, మళ్లీ చచ్చింది. తీసుకొచ్చి నా షాపులో పెట్టి చూస్తే శుభ్రంగా పనిచేసింది. అక్కడ ఇంకోటి పెట్టాను. అదీ పోయింది. ఈసారి కంప్యూటర్నే ఫార్మాట్ చేసి మూడోది తగిలించాను. మధ్యాహ్నం దాకా నడిచి అదీ పోయింది. ఒక్కోసారి దానంతటదే బతికేది, కట్టేసి మళ్లీ వేస్తే బతికేది, కాసేపటికి మళ్లీ చచ్చేది. బయట లారీలు, ఎండ, జనం. పాండురంగారావు గారు నా మీద కేకలేస్తున్నారు. నా సరుకు మీద మాట పడకుండా చూసుకోవాలి కదా, నోటికొచ్చింది అనేశాను.

"కీబోర్డులు మూడూ మంచివేనండీ. చెయ్యే ఏదో తేడాగా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శ్రావణి మాత్రం తలొంచుకుని ఆ మీటలనే చూస్తూ కూర్చుంది.

మామిడి యార్డులో మాట ఈగలకన్నా వేగంగా వ్యాపిస్తుంది. మర్నాటికల్లా "ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాదంట" అయింది. కొందరైతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు పని రాక కీబోర్డు మీద పెడుతోందన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటులాగా, పాండురంగారావు గారు పాత గుమస్తాని బతిమాలి ఒక పూట కూర్చోబెడితే, శ్రావణి చేతిలో చచ్చి పడున్న అదే కీబోర్డు ఆయన కూర్చోగానే లేచి కూర్చుంది. ఒంటి వేలితో, నిదానంగా, ఆయన చీటీ పూర్తిచేశారు. ఇంక చెప్పేదేముంది. కొందరు రైతులు మా చీటీ ఆ అమ్మాయి చేత రాయించొద్దని మొహం మీదే అనడం మొదలుపెట్టారు. పాండురంగారావు గారు చెడ్డమనిషి కాదు గానీ సీజన్ ఆగదు. "శనివారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకొకర్ని చూసుకుంటా" అని చెప్పేశారు.

శుక్రవారం టీ దగ్గర మాస్టారితో ఈ సంగతి తమాషాగా చెప్పాను. నేనన్న మాట కూడా చెప్పాను, అదేదో గొప్ప జోకయినట్టు. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టారు.

"ఆ పిల్ల రేపట్నుంచి ఏం చెయ్యాలంటావు మురళీ?"

"నేనేం చేశానండీ, ఏదో మాట వరసకి..."

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి నా బండెక్కు. నువ్వూ రావాలి" అన్నారు.

శనివారం పొద్దున్నే వెళ్లాం. మాస్టారు ముందే ఫోన్ చేసి పాత గుమస్తా గారిని కూడా రప్పించారు. కొట్టు గదిలో ఒకటే బల్ల. దాని మీద కంప్యూటర్, ప్రింటరు, చీటీల కట్టలు, మంచినీళ్ల సీసా, ఎక్కడా బెత్తెడు జాగా లేదు. కిటికీలోంచి కాటా కనిపిస్తుంది. శ్రావణి లేచి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చో తల్లీ. నేనొచ్చానని మర్చిపో. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అని మాస్టారు మూలకి స్టూలు లాక్కున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

మొదటి చీటీ చకచకా అయిపోయింది. రెండో బండి చిన్నరాయప్ప అనే రైతుది, చిన్నరసాలు. ఆ కొట్టులో ఎప్పట్నుంచో ఒక ఆచారముంది. రైతు లోపలికొచ్చి తన సరుకులోంచి మచ్చుకాయ ఒకటి రాసేవాళ్ల ముందు పెడతాడు. ముందు కాయ, తర్వాత చీటీ. చీటీ చేతికొచ్చేదాకా కాయ కదపకూడదు, కదిపితే ధర పడిపోతుందని వాళ్ల నమ్మకం. కాయని కింద నేల మీద పెట్టరు, సొన మరకవుతుందని కాగితాల మీదా పెట్టరు. రాయప్ప అటూ ఇటూ చూసి కీబోర్డు కుడి కొసన కాయ ఆనించాడు.

"చిన్నరసమమ్మా. మనసుపెట్టి రాయి" అన్నాడు, ఆ అమ్మాయి మొహం చూడకుండా.

"అలాగే బాబాయ్" అని శ్రావణి లేచి, కిటికీలోంచి కాటా ఎంత చూపిస్తుందో చూసి వచ్చింది. తెర మీద ఏదో చిన్న డబ్బా వచ్చి ఉంది. ఎంటర్ కొట్టి టైపు చెయ్యబోయింది. అంతే. ఒక్క అక్షరం పడలేదు.

ఆ అమ్మాయి మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. రాయప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "చూశారు కదా మాస్టారూ, నేనేం చెయ్యను" అన్నారు పాండురంగారావు గారు. గుమ్మం బయట పది మంది పోగయ్యారు. వాళ్లలో సాంబయ్య కూడా ఉన్నాడు, తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ. నాకు అక్కణ్ణుంచి మాయమైపోదామనిపించింది.

మాస్టారు మాత్రం హాయిగా ఉన్నారు. "నరసింహారావు గారూ, ఇప్పుడు తమరు కూర్చోండి" అన్నారు.

పాత గుమస్తా గారు కుర్చీలో సర్దుకుని, అలవాటు చొప్పున ముందుగా మచ్చుకాయ తీసి వాసన చూసి, కాళ్ల దగ్గరున్న తన చేతిసంచిలో వేసేసుకున్నారు. తర్వాత చూపుడు వేలు మీట మీద పెట్టి, కాస్త ఆగి, వదిలారు. అక్షరం పడింది. ఇంకోటి నొక్కారు. అదీ పడింది. బయట గుసగుసలు మొదలయ్యాయి.

"దొరికిందయ్యా!" అని మాస్టారు స్టూలు మీంచి లేచారు. "నరసింహారావు గారూ, ఆ కాయ ఒకసారి ఇలా ఇప్పించండి."

గుమస్తా గారు ఎర్రబడి సంచిలో చెయ్యి పెట్టారు. ఒకటి అడిగితే రెండొచ్చాయి. మొదటి బండి వాళ్ల కాయ కూడా ఆయన వచ్చీ రాగానే సంచిలోకి చేరిందన్నమాట. ముప్పై ఏళ్లుగా వాళ్లింట్లో సీజనంతా మామిడిపళ్లు ఎలా ఉండేవో ఆ రోజు యార్డు మొత్తానికి తెలిసిపోయింది. శ్రావణికి ఆ అలవాటు లేదు. మీ కాయ మీరే తీసుకెళ్లండి బాబాయ్ అని వదిలేసేది, అందుకే అది చీటీ అయ్యేదాకా కీబోర్డు మీదే ఉండేది.

మాస్టారు శ్రావణిని మళ్లీ కూర్చోబెట్టారు. కంప్యూటర్ కట్టేసి మళ్లీ వేశారు. శ్రావణి టపటపా కొడితే అన్నీ పడ్డాయి. అప్పుడు ఆయన రాయప్ప పెట్టినట్టే కాయ పెట్టారు. ఆ కాయ ముక్కు సరిగ్గా కుడివైపు షిఫ్టు మీట మీద ఆనింది.

"అందరూ లెక్కపెట్టండి" అన్నారు.

యార్డు మొత్తం లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది అనేసరికి తెర మీద ఆ చిన్న డబ్బా వచ్చింది.

"మురళీ, నువ్వు చదువు. గట్టిగా."

చదివాను. కుడి షిఫ్టు ఎనిమిది సెకండ్లు నొక్కి పట్టుకున్నావు, ఫిల్టర్ కీస్ అనేది ఆన్ చెయ్యమంటావా అని ఆ కంప్యూటర్ మర్యాదగా అడుగుతోంది. అడిగినదానికి ఎంటర్ కొడితే సరేనన్నట్టే.

"నువ్వెప్పుడూ చదవలేదా అమ్మా?" అన్నారు పాండురంగారావు గారు.

"రోజుకి రెండొందల డబ్బాలొస్తాయండీ. సేవ్ చెయ్యనా, ప్రింట్ చెయ్యనా అని. ఇదీ అలాంటిదే అనుకుని కొట్టేశానండీ."

కాయ మళ్లీ ఎనిమిది సెకండ్లు అక్కడే ఉంటే అదే ఆగిపోతుంది, అందుకే దానంతటదే చచ్చి దానంతటదే బతికేది. జబ్బు కీబోర్డులో లేదు, కంప్యూటర్ లోపలుంది కాబట్టి నేనెన్ని మార్చినా లాభం లేకపోయింది. ఇవి మాస్టారు చెబుతుంటే నేను నేల చూపులు చూస్తున్నాను.

"మరి నేను కొడితే ఎలా పడిందయ్యా?" అన్నారు గుమస్తా గారు.

"అదే అసలు సంగతి. అమ్మా శ్రావణీ, కాయ తీసేసి ఆ డబ్బాకి ఎంటర్ కొట్టు. ఇప్పుడు ఒక్కో మీట మీద వేలు పెట్టి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి వదులు."

శ్రావణి నెమ్మదిగా నొక్కింది. అక్షరం పడింది. ఇంకోటి నొక్కింది. పడింది. ఆ అమ్మాయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది తెగులు కాదండీ, సదుపాయం" అన్నారు మాస్టారు. "చెయ్యి వణికేవాళ్లుంటారు. వాళ్ల వేలు పొరపాటున మీటకి తగిలితే అక్షరం పడకూడదని పెట్టారు. నిదానంగా, తెలిసి నొక్కినదాన్నే తీసుకుంటుంది. నరసింహారావు గారి వేలు నిదానం, అందుకని ఆయన మాట విన్నది. ఈ పిల్ల చెయ్యి మెరుపు. ఇంత వేగంగా కొడుతోంది కాబట్టే దానికి అందలేదు."

"మీకెలా తెలుసండీ ఇదంతా?" అన్నాను, ఎలాగో మాట కూడదీసుకుని.

ఆయన కుడిచెయ్యి చాచి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "రెండేళ్లయింది. నా కంప్యూటర్లో ఇది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది."

పద్దెనిమిదేళ్లుగా గోడకి ఇవతల కూర్చుని రోజూ రెండుసార్లు ఆయనతో టీ తాగేవాణ్ణి. ఆయన గ్లాసు రెండు చేతుల్తో ఎందుకు పట్టుకుంటున్నారో ఒక్కసారి అడగలేదు. నాకు సిగ్గేసింది.

మాస్టారు ఆ ఫిల్టర్ కీస్ షార్ట్‌కట్ కూడా తీసేసి, ఒక వెదురుబుట్ట తెప్పించి బల్లకి కుడిపక్కన స్టూలు మీద పెట్టించారు. ఇకనుంచి మచ్చుకాయ అందులోనే. రైతులు ఒప్పుకుంటారా అని పాండురంగారావు గారు నసిగితే, రాయప్పే ముందుకొచ్చి "చీటీ అయ్యేదాకా కదలకుండా ఉంటే చాలండీ, ఎక్కడైతే ఏంటి" అని తన కాయ బుట్టలో పెట్టాడు. శ్రావణి చీటీ కొట్టి ఇచ్చింది. నిమిషం కూడా పట్టలేదు. రాయప్ప ఈసారి ఆ అమ్మాయి మొహం చూసి తీసుకున్నాడు.

"సోమవారం నుంచి పొద్దున్నే ఏడింటికి వచ్చెయ్యమ్మా, సరుకు ఎక్కువుంది" అన్నారు పాండురంగారావు గారు. ఆయనకి క్షమాపణ అంటే అదే. తర్వాత మాస్టారి వైపు తిరిగి ఏమిమ్మంటారండీ అన్నారు.

"మీరేం ఇవ్వక్కర్లేదు. ఇవ్వాల్సింది మురళి" అన్నారు మాస్టారు. "మాట ఇక్కడ పుట్టించాడు, ఇక్కడే పూడ్చాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వేలంపాట మైకు ఎక్కడుందండీ?"

నేను ఆయన మొహం చూశాను. టైపు క్లాసులో నేను రెండోసారి తప్పినప్పుడు కూడా అంత సీరియస్‌గా లేరు. శ్రావణి కంగారుపడి "వద్దు మాస్టారూ, పర్లేదు" అంటోంది. ఆ పర్లేదు అన్నమాటే నన్ను మైకు దాకా నడిపించింది.

వేలం అరుగు ఎక్కాను. లారీలు, ఆటోలు, వరిగడ్డి గుట్టలు, రెండొందల మంది జనం. మైకు కీచుమంది. ఎప్పుడూ వాగే నోరు ఆ రోజు ఎండిపోయింది.

"అందరికీ నమస్కారమండీ. నేను బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు మురళీకృష్ణని. సాంబయ్య గారి అమ్మాయి శ్రావణి చెయ్యి తేడా అన్నది నేను. ఆ చేతిలో ఏ దోషమూ లేదు. దోషం నా నోటిది. ఆ చెయ్యి ఎంత వేగమంటే కంప్యూటరే అందుకోలేకపోయింది. నన్ను క్షమించాలి."

ఎవరో ఈలేశారు. ఆ వెనకే చప్పట్లు, కేకలు, హమాలీల నవ్వులు. "ఒరేయ్, మా చీటీ ముందు ఆ అమ్మాయి చేతే కొట్టించాలిరా, మంచి చెయ్యి!" అని ఒకాయన అరిచాడు. "చెయ్యీ లేదు కాలూ లేదయ్యా, కాయ ముక్కు!" అని మాస్టారు గది గుమ్మంలోంచి తిరిగి అరిచారు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

నేను అరుగు దిగుతుంటే పైనుంచి "బాబూ" అని వినిపించింది. లారీ లోడు మీద సాంబయ్య నిలబడి ఉన్నాడు. నన్ను తిడతాడేమో అనుకున్నాను, తిట్టినా న్యాయమే. ఆయన వంగి గడ్డిలోంచి ఒక కాయ ఏరి, నా వైపు మెల్లగా విసిరాడు. పట్టుకున్నాను. పచ్చగా, బరువుగా, కొసన బంగారు రంగు తిరుగుతున్న చిన్నరసం.

"మా అమ్మాయి పేరు మైకులో చెప్పారు" అన్నాడు. ఆయన కళ్లు నవ్వుతున్నాయి, తడిగా ఉన్నాయి. "మళ్లీ ఒకసారి చెబుతారా బాబూ, నేను సరిగ్గా వినలేదు."

నేను కాయ జేబులో పెట్టుకుని, మళ్లీ అరుగెక్కాను.